నీడ మాత్ర మింగదు

ఆ బస్టాండులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే గొంతు పలుకుతోంది. "ప్రయాణికులకు మనవి" అని మొదలుపెట్టగానే కునికిపాట్లు పడేవాళ్ళు లేచి కూర్చుంటారు. ఏడుస్తున్న పిల్లలు ఒక్క క్షణం ఆగి పైకి చూస్తారు. ఆ గొంతు ఎవరిదో చూసినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళు ఆవిడను అనౌన్సరమ్మ అనేవారు. చివరికి ఇంటి చుట్టుపక్కల వాళ్ళకూ అదే పేరు అలవాటైపోయింది.

ఆవిడ ఐదున్నరకు లేచి, స్టవ్ మీద టీ పెట్టి, అది మరిగేలోపు జుట్టు దువ్వి ముడేసుకునేది. ఆరున్నరకల్లా బస్టాండులో, మూడు పక్కలా అద్దాలున్న తన గదిలో ఉండేది. చేతిరుమాలుతో మైకు తుడిచి, గోరువెచ్చటి నీళ్ళు ఒక గుక్క తాగి పని మొదలుపెట్టేది. నూట ఎనభై ఆరు బస్సుల వేళలు కంఠతా వచ్చు. కాగితం చూసి చదవడమంటే నామోషీ. ఈమధ్య కొత్తగా వేసిన మూడు బస్సుల వేళలు మాత్రం ఎంత బట్టీపట్టినా నిలవడం లేదు. చీటీ రాసి మైకు స్టాండుకు అతికించుకుంది. వయసు మీద పడుతోంది కదా అని సరిపెట్టుకుంది.

భర్త పోయి మూడేళ్ళయింది. ఆయన అదే బస్టాండులో డ్రైవరు. బస్సు నడుపుతూ ఉండగానే గుండె ఆగిపోయింది. ఆవిడ రెండు వారాలు సెలవు పెట్టి, మళ్ళీ వచ్చి మైకు ముందు కూర్చుంది. గొంతులో తేడా ఎవరికీ తెలియలేదు.

ఒక్కడే కొడుకు. లిఫ్టులు బిగించే మేస్త్రీ. నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే ఇరవై రోజులు ఏదో ఒక ఊళ్ళో, కట్టడం పూర్తికాని ఏదో ఒక మేడలో ఉండేవాడు. అలా ఒక మేడలో లిఫ్టు బాగుచేస్తూ, కింద కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే అమ్మాయిని చూశాడు. కళ్ళజోడు ఫ్రేముకు సరిపడేలా అద్దాన్ని అరగదీసి బిగించడం ఆమె పని. పుట్టుకతోనే వినికిడి లేదు. ఇతను లిఫ్టు పని మూడు రోజుల్లో ముగించి, చేతులతో మాట్లాడటం ఆరు నెలలు నేర్చుకున్నాడు.

"అమ్మా, ఈ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాను," అన్నాడు ఇంటికి తీసుకొచ్చి. "ఒక్క సంగతి. నీ గొంతు ఎంత గొప్పదైనా తనకు వినపడదు."

"వినపడేవాళ్ళు మాత్రం ఏం మెచ్చుకున్నారులే," అంది తల్లి. ఆ అమ్మాయి చేతులు పట్టుకుని చూసింది. చొక్కా చేతుల అంచున గాజుపొడి మెరుస్తోంది. "పని చేసే చేతులు. ఇంకేం కావాలి?"

పెళ్ళైంది. కొడుకు పదోరోజున పనికి వెళ్ళిపోయాడు. ఇంట్లో అత్తా కోడళ్ళు మిగిలారు.

కోడలికి చదవడం, రాయడం వచ్చు. పెదాల కదలిక చూసి కొంత పట్టుకుంటుంది. ఇద్దరూ మొదట్లో పలక మీద రాసుకున్నారు. కూరలు అయిపోయాయి. గ్యాసు వాడు రేపొస్తాడు. గొడుగు తీసుకెళ్ళు. ఇలాంటివన్నీ పలక మీద నడిచిపోయాయి. కానీ అనౌన్సరమ్మకు తృప్తి లేదు. జీవితమంతా నోటి మీద బతికిన మనిషి. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరాలు రాసుకోవడమేమిటి అనుకుంది. ఒకరోజు పలక మీద పెద్ద అక్షరాలతో రాసింది: "నాకు నీ భాష నేర్పు."

కోడలి ముఖం వెలిగిపోయింది. మొట్టమొదట అత్తగారికి ఒక పేరు పెట్టింది. పిడికిలి బిగించి నోటి ముందు పెట్టుకుంటే అత్తగారు. అంటే మైకు. అనౌన్సరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

రోజూ సాయంత్రం, కోడలు పని నుంచి వచ్చాక, టీ తాగుతూ పది మాటలు. ఆ కాసేపట్లో అనౌన్సరమ్మ చక్కగా పట్టుకునేది. పదీ తిరగేసి, మరగేసి చూపించేది. కోడలు భుజం తట్టి మెచ్చుకునేది. మర్నాటికి ఒక్కటీ మిగిలేది కాదు. తెలిసిన పేరు నాలుక చివర ఆడుతూ రాకుండా ఏడిపిస్తుంది చూడండి, అలాగైనా కాదు. అసలు నేర్చుకున్నట్టే గుర్తుండేది కాదు. కోడలు నిన్నటి మాట చూపిస్తే, కొత్త పాఠమనుకుని ఉత్సాహంగా నేర్చుకోవడానికి కూర్చునేది.

నెల గడిచింది. ఒక సెలవురోజు పొద్దున అనౌన్సరమ్మ టీ వడబోస్తోంది. తూర్పు కిటికీలోంచి ఎండపడి, ఆవిడ నీడ అలమారు పక్క గోడ మీద నిలువుగా నిలబడింది. ఆవిడ రెండు చేతుల్లోనూ గిన్నె ఉంది. నీడ చేతుల్లో గిన్నె లేదు. తీరిగ్గా ఒక చేత్తో 'టీ' అని, 'వేడి' అని, 'జాగ్రత్త' అని చెప్పింది.

కోడలు చూసి నవ్వి, తిరిగి చేతులతో జవాబిచ్చింది. నీడ ఇంకేదో అంది. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అనౌన్సరమ్మ తిరిగి చూస్తే, నీడ చేతులు గలగలా ఆడుతున్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆనాటి నుంచి అదే వరస. అనౌన్సరమ్మ దుప్పటి ఆరేస్తుంటే డాబా మీద నీడ కబుర్లు చెప్పేది. వీధిలో నడుస్తుంటే దారి పొడవునా చేతులు తిప్పేది. "మీ నీడకు కాస్త కబుర్లెక్కువే," అని కూరలమ్మే ఆవిడ అంటే, "దానికి పనీపాటా ఏముంది," అని అనౌన్సరమ్మ బేరంలో పడిపోయేది. లోపల మాత్రం గుచ్చుకునేది. కోడలు నా నీడతో నవ్వుతుంది, నాతో నవ్వదు. సొంత నీడ మీద అసూయపడటం ఎంత తెలివితక్కువో తెలిసినా, మబ్బు పట్టిన రోజున ఆవిడకు కాస్త హాయిగా ఉండేది.

కోడలికి ఇంకోలా తోచింది. నీడకు మూడు వందల మాటలు వచ్చు. మనిషికి పదైనా రావు. అదెలా కుదురుతుంది? నీడ మనిషిదే కదా. ఒక సాయంత్రం పాఠానికి కూర్చోకుండా పలక తీసుకొచ్చి ముందు పెట్టింది.

"మీ నీడకు వచ్చింది మీకు రాకపోవడం ఏమిటి? నాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే చెప్పండి. నేర్చుకుంటున్నట్టు నటించకండి."

అనౌన్సరమ్మ బలపం అందుకుంది. "ఒట్టు. నాకు నిజంగా గుర్తుండటం లేదు," అని రాసింది.

కోడలు చదివి, అదే పలక మీద కింద రాసింది: "నూట ఎనభై ఆరు బస్సులు గుర్తున్నాయి."

అనౌన్సరమ్మ పలకను తడిగుడ్డతో తుడిచి, గోడకు ఆనించి లేచిపోయింది.

రెండు వారాలు పాఠాలు లేవు. పొరుగూళ్ళో దుకాణం వాళ్ళు కొత్త శాఖ తెరుస్తున్నారు. అద్దాలు అరగదీసే పనికి అనుభవమున్న మనిషి కావాలి. వస్తావా అని కోడలిని అడిగారు. ఆమె మొగుడికి ఫోన్‌లో సందేశం పెట్టింది. "అమ్మతో గొడవా?" అని అతను అడిగాడు. "గొడవ పడాలన్నా మాటలుండాలిగా," అని ఆమె జవాబిచ్చింది. అతను, "నీ ఇష్టం. నువ్వెక్కడుంటే అక్కడికే వస్తాను," అన్నాడు. శనివారానికల్లా ఒప్పుకుంటూ ఉత్తరం ఇవ్వాలి.

శుక్రవారం సాయంత్రం కోడలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ ఉత్తరం రాస్తోంది. ఎదురుగా అనౌన్సరమ్మ తలొంచుకుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఆ ఉత్తరమేమిటో ఆవిడకు తెలుసు. కొడుకు చెప్పాడు. ఉండమని అడగాలని ఉంది. ఎలా అడగాలో తెలియలేదు. పలక మీద రాసి అడిగే మాటా అది? దుంప చెక్కు చాలా మందంగా వస్తోంది.

పడమటి ఎండ ఆవిడ నీడను వెనక గోడ మీదికి తోసింది. కోడలు పేజీ తిప్పడానికి తలెత్తేసరికి నీడ ఆమెనే చూస్తున్నట్టుంది. ఆ రోజు దాని చేతుల్లో ఎప్పటి వేగం లేదు. ఒక్కొక్క మాటా విడివిడిగా, నేర్చుకునేవాళ్ళకు చూపించినట్టు చెప్పింది.

"బస్సు," అంది. "భర్త. నొప్పి, ఇక్కడ." ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. "టీ తాగి వెళ్తానన్నాడు. నేను వేళైందన్నాను." పిడికిలి నోటి ముందు పెట్టుకుంది. "మైకులో పిలిచాను. వెళ్ళాడు. రాలేదు."

కోడలి కలం ఆగిపోయింది.

"కళ్ళు మూస్తే నా గొంతే వినిపిస్తుంది," అంది నీడ. "పిలుస్తూనే ఉంటుంది. అందుకని మాత్ర. రోజూ మాత్ర. తను మింగుతుంది. నిద్ర. పొద్దున్నకి నువ్వు ఇచ్చినవన్నీ పోతాయి. నేను మింగను. అందుకని నా దగ్గరే ఉంటాయి."

అనౌన్సరమ్మ ఐదో దుంప అందుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

కోడలు లేచి, ఏదో తెచ్చుకోవాలన్నట్టు అత్తగారి గదిలోకి వెళ్ళింది. మంచం పక్క సొరుగులో, ఊలు ఉండల కింద మాత్రల అట్టలు కనిపించాయి. సగం ఖాళీవి, నిండువి, మొత్తం పదకొండు. వాటితో మూడేళ్ళ నాటి డాక్టరు చీటీ. రెండు వారాలు వాడమని ఉంది దాని మీద. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించారు.

ఆమె ఆ అట్టలన్నీ పట్టుకొచ్చి బల్ల మీద, దుంపల పక్కన పెట్టింది. అనౌన్సరమ్మ ముఖం దొంగతనం బయటపడ్డ పిల్లలా అయిపోయింది. కోడలు తను రాస్తున్న ఉత్తరాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు రాసింది: "రేపు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను దుకాణానికి సెలవు పెడతాను."

నీడ చెప్పిన మిగతా సంగతి మాత్రం రాయలేదు.

డాక్టరు పెద్దవాడు. తాపీగా మాట్లాడతాడు. కోడలికి పెదాలు కనిపించేలా ఆమె వైపు తిరిగే మాట్లాడాడు. చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెండు వారాల మందు మూడేళ్ళు మింగారా తల్లీ?"

"మందుల షాపువాడు పాత చీటీ చూసి ఇచ్చేవాడు. నేను అడిగేదాన్ని," అంది అనౌన్సరమ్మ. "అది లేకపోతే నిద్ర రాదండీ."

"వస్తోంది నిద్ర. కాదనను. కానీ మనం పగలు నేర్చుకున్నది రాత్రి నిద్రలో గట్టిపడాలి. ఈ మాత్ర ఆ పనికి అడ్డం పడుతుంది. పాతవి ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్తగా వచ్చింది లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, తెల్లారేసరికి వెళ్ళిపోతుంది."

"అందుకేనా పాత బస్సులు గుర్తుండి, కొత్త మూడూ పోతున్నాయి?"

"అందుకే."

"మరి నా నీడకు అన్నీ గుర్తున్నాయి."

"నీడ మాత్ర మింగదు కదమ్మా," అన్నాడు డాక్టరు, అదేం పెద్ద సంగతి కాదన్నట్టు. "ఇక చూడండి. ఒక్కసారిగా మానేయకూడదు. అది చాలా ప్రమాదం. మాత్రలో పావు వంతు తగ్గించి కొన్ని వారాలు చూద్దాం. తట్టుకుంటే ఇంకో పావు. నెలలు పడుతుంది. నిద్ర పట్టదు, చిరాకొస్తుంది, చేతులు వణుకుతాయి. ఏ తేడా వచ్చినా నా దగ్గరికి రండి. మానేయాలని మీరు తొందరపడొద్దు. మళ్ళీ పూర్తి మాత్రకు మీరే వెళ్ళిపోవద్దు." తర్వాత కోడలి వైపు చూశాడు. "మాత్రను సరిగ్గా పావు వంతులుగా కోయాలి. కోయగలవా?"

కోడలు తల ఊపింది. అర మిల్లీమీటరు తేడా ఒప్పుకోని చేతులు అవి. ఆ రోజు నుంచి రోజూ ఆమె చిన్న బ్లేడుతో మాత్ర కోసి, ఎంతివ్వాలో అంతే పళ్ళెంలో పెట్టి ఇచ్చేది.

శాఖ పనికి తను రాలేనని చెప్పేసింది. ఎందుకని దుకాణం యజమాని అడిగితే, "ఇంట్లో ఒక శిష్యురాలు ఉంది," అని రాసి చూపించింది. సాయంత్రం పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి.

డాక్టరు చెప్పినట్టే అయింది. మొదటి పావు తగ్గించినప్పుడు అనౌన్సరమ్మ నాలుగు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రెండో పావుకు చేతులు వణికి, రెండు గ్లాసులు పగిలాయి. రాత్రిళ్ళు కళ్ళు మూస్తే మైకు గరగరమనేది, తన గొంతే ఆ బస్సును పిలిచేది. అప్పుడు లేచి వంటింట్లోకి వచ్చి కూర్చునేది. కోడలికి అడుగుల చప్పుడు వినపడదు కాబట్టి, తన గది తలుపు కింద సందులోంచి వెలుతురు ముఖాన పడేలా మంచం తిప్పి వేసుకుంది. వంటింట్లో లైటు వెలగగానే లేచి వచ్చేది. పాఠం ఉండేది కాదు. ఇద్దరూ ఊలు ఉండలు చుట్టేవారు. ఒక్కోసారి తెల్లారిపోయేది.

ఒక రోజు బస్టాండు గదిలో అనౌన్సరమ్మ కొత్త బస్సుల్లో మొదటిదాని వేళ చీటీ చూడకుండా చెప్పింది. చెప్పాక గాని తెలియలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కోడలు బల్ల తుడుస్తోంది. అనౌన్సరమ్మ గుమ్మంలోనే నిలబడి, సంచీ కింద పెట్టి, చేతులతో, "నీళ్ళు కావాలి," అంది. ఎవరూ గుర్తు చేయలేదు. నిన్నటి పాఠంలోని మాట అది. కోడలు గ్లాసు నింపి తెచ్చి, ఆవిడ తాగుతున్నంతసేపూ ఎదురుగానే నిలబడింది.

తర్వాత మాటలు నిలవసాగాయి. పదిలో మూడు, తర్వాత ఆరు. నీడకు మునుపటి జోరు తగ్గింది. కొన్నాళ్ళు అది ఆవిడకన్నా ముందే మాట అందించేది. తర్వాత ఇద్దరూ ఒకేసారి చెప్పేవారు. మాత్ర పూర్తిగా మానేసిన నెలకు అందరి నీడల్లాగే అయింది. మొదట్లో కోడలికి కాస్త లోటనిపించింది. నీడ వేళ్ళు భలే ఒయ్యారంగా తిరిగేవి. అత్తగారివి మాత్రం బస్సు తలుపులు మూసినట్టు ధడధడా పడేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, అనౌన్సరమ్మ కోడలి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నీకొకటి చెప్పాలి," అంది చేతులతో. "ఎవరికీ చెప్పలేదు. వాడికి కూడా."

"చెప్పండి అత్తయ్యా."

నెమ్మదిగా చెప్పింది. మాట దొరకని చోట ఆగి, వేలితో బల్ల మీద రాసి, దాని గుర్తు అడిగి మళ్ళీ చెప్పింది. ఆయన ఛాతీ పట్టేసినట్టుందన్నాడు. టీ తాగి వెళ్తానన్నాడు. ఆవిడ నవ్వుతూ, నీకోసం వేళ ఆగుతుందా, మైకులో పిలవమంటావా అంది. పిలిచింది. అద్దంలోంచి ఆయన చెయ్యి ఊపి వెళ్ళాడు. గుండె ఆగిపోయిందని సాయంత్రం కబురొచ్చింది. బస్సును రోడ్డు పక్కకు తీసి, ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడట. లోపలున్న వాళ్ళలో ఒక్కరికీ గీత పడలేదు.

"నేను పిలవకపోతే," అని ఆగిపోయింది.

కోడలు ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. చేతులు పట్టుకుంటే వాళ్ళిద్దరికీ మాట్లాడే దారి మూసుకుపోయినట్టే. తర్వాత కోడలు వదిలి, "రోజూ పిలిచినట్టే పిలిచారు. ఆయన రోజూ వెళ్ళినట్టే వెళ్ళారు," అంది. ఇంకా ఏదో చెప్పబోయి, మనసు మార్చుకుని, "ఇది నాకు ముందే తెలుసు. మీ నీడ చెప్పింది," అంది.

"ఎప్పుడు?"

"నేను వెళ్ళిపోదామనుకున్న రోజు."

"మరి ఇన్నాళ్ళూ నన్ను అడగలేదేం?"

"అది మీరు చెప్పాల్సింది. నీడ చెబితే సగమే చెప్పినట్టు."

అనౌన్సరమ్మ కళ్ళు తుడుచుకుంది. కోడలు ఆవిడ కుడిచేతి బొటనవేలు పట్టుకుని కొంచెం పైకి వంచింది. "'గుండె' అన్నప్పుడు ఇది ఇలా ఉండాలి. మీరు ఇందాకటి నుంచీ ఆయనకు 'గుమ్మడికాయ' ఆగిపోయిందంటున్నారు."

అనౌన్సరమ్మ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ఏడుపులోంచే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. ఆయన ఉంటే ఆయనా నవ్వేవాడే. ఆ రోజు ఎనిమిది గంటలకే పడుకుంది. మైకు గరగరమంది గానీ, ఆ బస్సు పేరు దాకా రాకముందే నిద్ర పట్టేసింది.

కొడుకు ఆ నెలాఖరుకు ఇంటికొచ్చాడు. ఈసారి ముప్పై రోజులు వరసగా బయటే ఉండిపోయాడు. తలుపు తీసేసరికి వంటింట్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. పెళ్ళాం చేతులు గాలిని కోస్తున్నట్టు కదులుతున్నాయి. చీకటి పడ్డాక టీ తాగొద్దని డాక్టరు చెప్పాడా లేదా? అమ్మ చేతులు అంతకు రెట్టింపు వేగంతో జవాబు చెబుతున్నాయి. అరకప్పు కూడా లెక్కేనా, నువ్వు కప్పులు దాచిపెట్టేదేమిటి, ఈ ఇంట్లో నేను ఎన్నేళ్ళ నుంచి టీ తాగుతున్నానో తెలుసా? పెళ్ళాం మధ్యలో అందుకుంది. అమ్మ ఆమె చేతులను పక్కకు తోసి తన మాట పూర్తి చేసింది. ఒక్క మాట తడుముకోలేదు.

అతను భుజాన సంచీతోనే నిలబడి చూశాడు. తర్వాత ఇద్దరి మధ్యకు వచ్చి, "ఏమైంది?" అని అటూ ఇటూ చేతులతో అడిగాడు.

ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగి, ఒకే మాట అన్నారు.

"నీకెందుకు, నువ్వెళ్ళి స్నానం చెయ్."